గాలిని తూచే తీగ

గాలి అనే మాటకు మా వైపు సరిహద్దు లేదు. సిరిగేరిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు గాలి అంటారు, పక్కింటి కన్నడంవాళ్ళు గాళి అంటారు. కళ్ళంలో వడ్లు ఎగరబోసే పనిని మనం తూర్పారబట్టడం అంటే వాళ్ళు తూరువుదు అంటారు. బడిలో నేను రెండు భాషల్లోనూ పాఠం చెప్పవలసిన వాణ్ణి గనుక, ఇలాంటి జంట మాటలు దొరికినప్పుడు నాకు సగం పని తగ్గుతుంది. ఈ పూట మీకు చెప్పబోయే విషయం ఆ గాలి గురించే. కచ్చితంగా చెప్పాలంటే, గాలిని కొలిచే ఒక సన్నని తీగ గురించి.

ఆ తీగ ఇప్పుడు ఎక్కడుందో ముందు చెబుతాను. కారు బానెట్ ఎత్తి చూడండి. గాలిని వడగట్టే ఫిల్టర్ డబ్బా ఉంటుంది. దానికీ ఇంజనుకూ మధ్య ఒక ప్లాస్టిక్ గొట్టం. చాలా కార్లలో ఆ గొట్టం మీద వేలెడు పొడవున్న ఒక ముక్క, దానికి నాలుగైదు వైర్లు కనబడతాయి. మెకానిక్కులు దాన్ని ఎయిర్‌ఫ్లో సెన్సర్ అంటారు. ఇంజను ఎంత గాలి పీల్చుకుంటున్నదో అది కంప్యూటరుకు చెబుతుంది, కంప్యూటరు దానికి తగినంత ఇంధనం వదులుతుంది. బండి తుక్కయ్యాక ఈ ముక్క గుజిరీ అంగడికి చేరుతుంది. ఇటీవలి కాలంలో కొందరు ఔత్సాహికులు, ఇంజనీరింగ్ విద్యార్థులు దాన్ని అక్కడి నుంచి తెచ్చి వేరే పనులకు పెడుతున్నారు: ఫ్యాను ఎంత గాలి తోస్తున్నది, పొగగొట్టం ఎంత లాగుతున్నది, మనిషి ఒక ఊపిరిలో ఎంత వదులుతున్నాడు అని కొలవడానికి.

కారు కోసం చేసిన వస్తువును మరో పనికి వాడటం ఏదో కొత్త చమత్కారం అనిపించవచ్చు. చరిత్ర చూస్తే సంగతి తలకిందులుగా ఉంది. ఈ తీగ కారులో పుట్టలేదు. కారు దానికి ఒక మజిలీ మాత్రమే. ప్రయోగశాల నుంచి యుద్ధానికి, మళ్ళీ ప్రయోగశాలకు, అక్కడి నుంచి కారుకు వచ్చింది. ఇల్లు మారిన ప్రతిసారీ దానికి కొలవడం కొత్తగా నేర్పవలసి వచ్చింది. నేర్పకుండా వాడితే ఏమవుతుందన్నదే ఈ ప్రసంగంలో అసలు సంగతి.

గాలిని కొలవడం ఎందుకంత కష్టం? బియ్యాన్ని శేరుతో కొలుస్తాం, పాలను లీటరుతో కొలుస్తాం. గాలిని పాత్రలో పోయలేం. కళ్ళంలో రైతు గుప్పెడు పొట్టు జారవిడిచి, అది ఎంత దూరం పోయి పడిందో చూసి, ఇప్పుడు ఎగరబోయవచ్చు, ఇప్పుడు ఆగాలి అని నిర్ణయిస్తాడు. అది కూడా కొలతే. కాకపోతే అంకె ఉండదు.

అంకె కోసం 1846లో ఐర్లండులోని ఆర్మా వేధశాల అధిపతి రాబిన్సన్ నాలుగు గిన్నెల యంత్రం చేశాడు. అడ్డంగా తిరిగే కమ్మీల చివర నాలుగు అర్ధగోళాల గిన్నెలు. వాతావరణ కేంద్రాల కప్పుల మీద దాని వారసులను మీరు చూసే ఉంటారు. ఇప్పుడు సాధారణంగా మూడు గిన్నెలే ఉంటాయి. గిన్నెలు ఎంత వేగంతో తిరిగితే గాలి వేగం దానికి సరిగ్గా మూడు రెట్లు అని రాబిన్సన్ లెక్క కట్టాడు. గిన్నె పెద్దదైనా చిన్నదైనా, కమ్మీ పొడుగైనా పొట్టిదైనా అంతే అన్నాడు. ఆయన పెద్ద పండితుడు. అందరూ నమ్మారు. కొన్ని దశాబ్దాల పాటు గాలివేగం పట్టికలన్నీ ఆ మూడుతోనే హెచ్చవేశారు.

1879 డిసెంబరు 28వ తేదీ రాత్రి స్కాట్లండులో టే నది మీది రైలు వంతెన తుపాను గాలికి కూలింది. దాని మీద పోతున్న రైలు నదిలో పడింది, అందులోని వారెవరూ బతకలేదు. గాలి తోపుకు తగిన ఏర్పాటు వంతెన నిర్మాణంలో లేదని విచారణలో తేలింది. ఆ తర్వాత ఇంజనీర్లు గాలి గురించి నమ్మదగిన అంకెలు కావాలని పట్టుబట్టారు. డైన్స్ అనే శాస్త్రవేత్త ఓపికగా ప్రయోగాలు చేసి, రాబిన్సన్ చెప్పిన మూడు తప్పని తేల్చాడు. ఆ రెట్టింపు గిన్నె కొలతను బట్టి, కమ్మీ పొడవును బట్టి మారుతుంది. పెద్ద యంత్రాలకు అది రెండుకు కాస్త పైన మాత్రమే. అంటే అన్నేళ్ళుగా తుపాను వేగాలను ఉన్నదానికన్నా ఎక్కువగా రాసుకున్నారన్నమాట. యంత్రం బాగానే తిరిగింది. చదివే పద్ధతే తప్పు. ఈ మాటను కొంచెం గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

ఇక తీగ దగ్గరికి వద్దాం.

వేడి గంజిని ఊదుకుని తాగుతాం కదా. గట్టిగా ఊదితే త్వరగా చల్లారుతుంది. అంటే చల్లారే తీరును బట్టి ఊదిన గాలి ఎంతో చెప్పవచ్చు. గంజి బదులు ఒక సన్నని ప్లాటినం తీగ తీసుకుని, అందులో కరెంటు పంపి వేడి చేయండి. గాలి తగిలితే తీగ చల్లబడుతుంది. చల్లబడనివ్వకుండా అదే వేడిలో నిలబెట్టాలంటే ఎక్కువ కరెంటు పంపాలి. ఎంత ఎక్కువ పంపవలసి వచ్చిందో అదే గాలి కొలత. తీగ వేడి మారిందని ఎలా తెలుస్తుంది అంటారా? వేడి మారితే ప్లాటినం నిరోధం మారుతుంది. ఇంటర్మీడియట్‌లో మీటర్ బ్రిడ్జి ప్రయోగం చేసినవారికి ఇది తెలుసు: వీట్‌స్టన్ బ్రిడ్జిలో ఒక చేయిగా ఆ తీగను పెడితే చాలు.

ఈ వ్యవహారాన్ని లెక్కల్లో పెట్టినవాడు కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయీ వెస్సట్ కింగ్. సంవత్సరం 1914. తీగ కోల్పోయే వేడి గాలివేగంతో సమానంగా పెరగదు. వేగం వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుందని ఆయన చూపించాడు. పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలంటే, గాలి నాలుగింతలైతే దానివల్ల పోయే వేడి రెండింతలే అవుతుంది. అందువల్ల ఈ తీగ మెల్లని గాలిని బాగా పసిగడుతుంది. గాలి జోరు పెరిగేకొద్దీ దాని చురుకు తగ్గుతుంది.

అదే ఏడు ఐరోపాలో యుద్ధం మొదలైంది. ఫ్రాన్సులో శత్రువు ఫిరంగులు ఎక్కడ దాగి ఉన్నాయో ధ్వనిని బట్టి కనిపెట్టే పనిని బ్రిటిషు సైన్యం లారెన్స్ బ్రాగ్‌కు అప్పగించింది. పాతికేళ్ళ యువకుడు. 1915లో తండ్రితో కలిసి నోబెల్ బహుమతి పొందాడు; అదే ఏడాది అతని తమ్ముడు గల్లిపోలి యుద్ధంలో చనిపోయాడు. అతని చిక్కు ఏమిటంటే, ఫిరంగి గుండు గాలిని చీల్చుకు వచ్చే చప్పుడు మైకుల్లో పెద్దగా పడుతుంది. అసలు ఫిరంగి పేలిన శబ్దం మాత్రం చెవికి సరిగా వినబడనంత మందమైన స్వరం, మైకు దాన్ని పట్టదు. శబ్దం అనేదానికన్నా దాన్ని ఒక తోపు అనాలి.

బ్రాగ్ దళంలో విలియం టకర్ అనే భౌతికశాస్త్రం చదువుకున్న మనిషి చేరాడు. అతను పడుకునే గుడిసె గోడకు చిన్న చిల్లులున్నాయి. ఫిరంగి పేలినప్పుడల్లా ఆ చిల్లుల్లోంచి చల్లని గాలి ముఖాన కొట్టడం అతను గమనించాడు. వేడి చేసిన తీగ మీద ఆ గాలి కొడితే? 1916లో ఖాళీ పెట్టెకు చిల్లు పెట్టి, చిల్లులో సన్నని ప్లాటినం తీగ బిగించి చూశారు. చెవికి అందని ఫిరంగి తోపు తీగకు అందింది. గుండు చప్పుడుకు మాత్రం తీగ పెద్దగా చలించలేదు. సరిగ్గా వారికి కావలసింది అదే. వరుసగా కొన్ని చోట్ల ఇలాంటి పెట్టెలు ఉంచి, ఏ పెట్టెకు ఎప్పుడు చేరిందో కాలభేదం చూసి, ఫిరంగి ఉన్న చోటును పటం మీద గుర్తించారు.

ఇంకో తమాషా వినండి. ఆ కాలభేదాన్ని ఫిల్ము మీద గీసిన పరికరం ఎక్కడిది? పారిస్‌లో లూసియన్ బుల్ తయారుచేసినది. అందులోని గాల్వనోమీటరు పద్ధతి ఐంథోవెన్ గుండె కొట్టుకునే తీరు గీయడానికి కనిపెట్టినది. ఇప్పుడు ఆసుపత్రిలో తీసే ఈసీజీకి అదే మూలం. గుండెను చూసే యంత్రం, గాలిని కొలిచే తీగ, రెండూ కలిసి ఫిరంగులను వెతికాయి. ఒక పనికి పుట్టినది మరో పనికి పోవడం పరికరాల లోకంలో దొంగతనం కాదు, పెళ్ళి సంబంధం లాంటిది.

యుద్ధం ముగిశాక తీగ మళ్ళీ ప్రయోగశాలకు వచ్చింది. విమానాల రెక్కల మీద గాలి ఒక్కొక్కచోట నున్నగా పారుతుంది, ఒక్కొక్కచోట సుడులు తిరుగుతుంది. ఆ సుడులు సెకనుకు వేలసార్లు మారుతాయి. గిన్నెలు దాన్ని పట్టలేవు. తలవెంట్రుకలో పదో వంతు మందం ఉన్న తీగ పట్టగలదు, అయినా దానికీ కాస్త బద్ధకం ఉంది. వేడి దిగడానికి, ఎక్కడానికి సమయం కావాలి. అమెరికాలో హ్యూ డ్రైడెన్ 1929లో తన సహచరుడితో కలిసి ఆ బద్ధకాన్ని విద్యుత్ సర్క్యూట్‌తో సరిదిద్దే దారి చూపాడు. అప్పటి నుంచి సుడిగాలి శాస్త్రానికి ఈ తీగే కన్ను.

ఈ కథ మన దగ్గరికి బెంగుళూరు మీదుగా వచ్చింది. భారతీయ విజ్ఞాన సంస్థలో సతీష్ ధవన్ 1950లలో గాలి సొరంగాల పని మొదలుపెట్టారు. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి ఆయన పేరే పెట్టారు గనుక తెలుగు శ్రోతలకు ఆయన్ను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. ఆయన శిష్యుడు రొద్దం నరసింహ. ఇంటిపేరు వింటే మీకు తట్టే ఉంటుంది: మనకు పొరుగున అనంతపురం సీమలోని రొద్దం, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఊరు. నరసింహ పుట్టి పెరిగింది బెంగుళూరులో. తండ్రి ఆర్.ఎల్. నరసింహయ్య భౌతికశాస్త్రం బోధిస్తూ కన్నడంలో విజ్ఞాన రచనలు చేశారు. ఇంటిపేరు తెలుగు సీమది, రచన కన్నడంలో. సరిహద్దు జిల్లాల్లో ఇలాంటి ఇళ్ళు కొత్త కాదు.

నున్నని గాలి సుడిగాలిగా ఎలా మారుతుందన్నది గురుశిష్యులు పట్టుకున్న ప్రశ్న. ఒక్కసారిగా మారదు. కొంతసేపు నున్నగా, కొంతసేపు సుడిగా, మచ్చలు మచ్చలుగా మారుతుంది. ఒకచోట గాలి ఎంత కాలం సుడిగా ఉందో చెప్పడానికి వేడితీగే ఆధారం. ఆ మార్పు ఏ లెక్క ప్రకారం సాగుతుందో చూపిన ధవన్, నరసింహల పరిశోధనాపత్రం 1958లో వెలువడింది. ప్రపంచమంతా ఇప్పటికీ దాన్ని ఉదహరిస్తారు. నరసింహ తరువాత జాతీయ వైమానిక ప్రయోగశాలకు అధిపతి అయ్యారు, 2020 డిసెంబరులో కన్నుమూశారు. మన పిల్లలకు రాకెట్టు పేర్లు వచ్చు, ఈ పేరు రాదు. నాకు అది కొంచెం బాధ.

ఇప్పుడు కారు.

పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి తక్కువైతే నల్లపొగ, ఎక్కువైతే ఇంజను తడబాటు. పాత బండ్లలో కార్బురేటరు ఈ పాళ్ళను ఉజ్జాయింపుగా కలిపేది. పొగ మీద చట్టాలు బిగిసేకొద్దీ ఉజ్జాయింపు చాలలేదు. 1970ల మొదట్లో జర్మనీలోని బాష్ కంపెనీ గాలి దారిలో ఒక చిన్న తలుపు పెట్టింది. గాలి తోస్తే తలుపు తెరుచుకుంటుంది, ఎంత తెరిచిందో చూసి గాలి ఎంతో తెలుసుకుంటారు. పని జరిగింది గానీ తలుపే గాలికి అడ్డు. పైగా గాలి పరిమాణం తెలుస్తుంది తప్ప బరువు తెలియదు. మండటానికి కావలసింది బరువు. 15 డిగ్రీల చలిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగితే, మన బళ్ళారి ఎండల్లో 40 డిగ్రీల దగ్గర 1.1 కిలోలే తూగుతుంది.

1980ల మొదట్లో బాష్ ఇంజనీర్లు ఆ తలుపు తీసేసి వేడితీగ పెట్టారు. ఎక్కువ గాలి అణువులు తగిలితే ఎక్కువ వేడి పోతుంది గనుక తీగ దాదాపు బరువునే చెబుతుంది. ప్రయోగశాల తీగ కన్నా ఇది పదింతలకు పైగా లావు, మిల్లీమీటరులో వందకు ఏడు వంతులు. బండి కుదుపులకు తెగకూడదు కదా. తీగ మీద దుమ్ము పేరుకుంటే కొలత చెడుతుందని ఒక ఉపాయం చేశారు: ఇంజను ఆపగానే ఒక్క సెకను పాటు తీగను సుమారు వెయ్యి డిగ్రీలకు ఎర్రగా కాల్చి దుమ్మును మసి చేస్తారు. తరువాతి కాలంలో తీగ పోయి, పలుచని లోహపు పూత ఉన్న పలక వచ్చింది. సూత్రం అదే.

మన దేశంలో 2000లో యూరో ఒకటికి సమానమైన నిబంధనలు, 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధనలు వచ్చాయి. ప్రతి కారులో ఈ సెన్సరు ఉండదు. చాలా చిన్న పెట్రోలు కార్లు గొట్టంలోని ఒత్తిడిని కొలిచి లెక్క కట్టుకుంటాయి. డీజిలు బండ్లలో, పొగలో కొంత మళ్ళీ ఇంజనుకు పంపే ఏర్పాటు ఉన్నచోట, ఇది విరివిగా కనబడుతుంది. గుజిరీలో వెతికేవారు ఈ తేడా తెలుసుకుని వెతకాలి.

సరే, గుజిరీ నుంచి ముక్క తెచ్చాం. దానికి కావలసిన విద్యుత్తు ఇచ్చాం. పాత రకాల్లో చాలావాటికి 12 వోల్టులు సరిపోతాయి, అవి గాలిని బట్టి 0 నుంచి 5 వోల్టుల మధ్య జవాబు చెబుతాయి. కొన్ని రకాలు వోల్టులకు బదులు తరంగాల సంఖ్యగా చెబుతాయి. నోటితో ఊదితే మీటరు ముల్లు కదులుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఇంటర్నెట్టులో ఎవరో పెట్టిన పట్టిక చూసి, ఇన్ని వోల్టులంటే ఇన్ని గ్రాముల గాలి అని రాసేస్తారు.

రాబిన్సన్ మూడు గుర్తుందా? ఇదీ అదే కథ.

ఆ చిన్న ముక్క గొట్టంలోని గాలినంతా చూడదు. దాని పొట్టలోని సన్నని సందులోకి వచ్చిన కొంచెం గాలిని మాత్రమే చూస్తుంది. మొత్తం గాలిలో అది ఎన్నో వంతు అన్నది కారు గొట్టం వ్యాసాన్ని బట్టి, వంపులను బట్టి, ముందున్న ఫిల్టరును బట్టి కంపెనీవారు ముందే కొలిచి కంప్యూటరులో రాసి ఉంచారు. కారు నుంచి విప్పిన క్షణమే ఆ లెక్కకు అర్థం పోయింది. మీరు దాన్ని ఇంకో గొట్టంలో పెడితే వోల్టులు వస్తాయి, గ్రాములు రావు. ముందు వంపు ఉంటే గాలి ఒక పక్కకు ఒరిగి పారుతుంది. అదే గాలికి వేరే అంకె వస్తుంది.

మరి దానికి కొత్తగా నేర్పడం ఎలా? ఇందుకు చరిత్రే ఒక పద్ధతి ఇచ్చింది. రాబిన్సన్ గిన్నెలు కట్టిన 1846లోనే లండనులో జాన్ హచిన్‌సన్ అనే వైద్యుడు మనుషుల ఊపిరి కొలతల మీద తన గ్రంథం ప్రకటించాడు. నీళ్ళలో ఒక డబ్బాను బోర్లించి, మనిషి గొట్టంలోకి ఊదితే డబ్బా ఎంత పైకి లేస్తుందో చూశాడు. నావికులు, మల్లులు, పోలీసులు, వేలమందిని ఊదించాడు. నీరు అబద్ధం చెప్పదు. డబ్బాలో ఎంత గాలి చేరితే అంతే లేస్తుంది.

బడిలో ఇదే చేయవచ్చు. 20 లీటర్ల మంచినీళ్ళ క్యాను అడుగు కోసి, దాని మీద లీటరు గీతలు గీసి, నీళ్ళ తొట్టిలో బోర్లించి ఉంచండి. మూతి నుంచి గొట్టం వేసి సెన్సరు గుండా బయటికి తీయండి. గొట్టం సెన్సరుకు ముందు తిన్నగా కనీసం మూర పొడవు ఉండనివ్వండి. క్యానును ఒకే వేగంతో నీళ్ళలోకి దించండి. 20 లీటర్లు 10 సెకన్లలో పోతే సెకనుకు 2 లీటర్లు, అంటే సుమారు 2.3 గ్రాముల గాలి. అప్పుడు మీటరులో ఎన్ని వోల్టులో రాసుకోండి. 20 సెకన్లలో, 40 సెకన్లలో దించి మళ్ళీ రాసుకోండి. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడితే గీత తిన్నగా రాదు, వంగి ఉంటుంది. ఆ వంపు కింగ్ 1914లో చెప్పిన వర్గమూలం నీడ. తొమ్మిదో తరగతి పిల్లలు తాము గీసిన గీతలో ఆ వంపు చూసినప్పుడు వేసే ప్రశ్నలు పాఠ్యపుస్తకంలో దొరకవు. నా అనుభవంలో అందరూ మొదట అడిగేది, సార్, గీత వంకరగా వచ్చింది, తప్పు చేశామా అని.

దీనికి ఇంత పట్టుదల ఎందుకు, బడి ప్రయోగమే కదా అనుకోవచ్చు. 2020లో ఈ ప్రశ్న బడి దాటి ఆసుపత్రికి వెళ్ళింది. కరోనా రోగులకు వెంటిలేటర్లు చాలక ప్రపంచమంతా కారు విడిభాగాల వైపు చూసింది. స్పెయిన్‌లో సియాట్ కంపెనీ కారు అద్దం తుడిచే వైపర్ మోటార్లతో శ్వాసయంత్రాలు చేసింది. అఫ్ఘనిస్తాన్‌లోని హెరాత్‌లో రోబోటిక్స్ నేర్చుకునే అమ్మాయిల బృందం టయోటా కరోలా భాగాలతో ఒక నమూనా తయారుచేసింది. మన దగ్గర బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ మైసూరు స్కాన్‌రే కంపెనీ నమూనాతో 30,000 వెంటిలేటర్ల పని చేపట్టింది. విశాఖపట్నం మెడ్‌టెక్ జోన్‌లోనూ తయారీ జరిగింది. మోటారు దొరకడం ఒక సమస్య. ఊపిరితిత్తుల్లోకి ఎంత గాలి పోతున్నదో కొలవడం మరో సమస్య, అంతకన్నా గట్టి సమస్య.

ఎందుకంటే ఆ కొలతలో ప్రాణాలున్నాయి. 2000లో అమెరికాలో 861 మంది మీద జరిగిన ఒక అధ్యయనం వైద్యులందరికీ తెలుసు. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న రోగుల్లో కొందరికి ఒక్కొక్క ఊపిరికి శరీరపు తూకంలో కిలోకు 12 మిల్లీలీటర్ల లెక్కన గాలి పంపారు, కొందరికి 6 లెక్కన పంపారు. ఇక్కడ తూకమంటే త్రాసు చూపేది కాదు, ఎత్తును బట్టి కట్టే లెక్క. ఎక్కువ గాలి ఇచ్చినవారిలో 39.8 శాతం, తక్కువ గాలి ఇచ్చినవారిలో 31 శాతం మరణించారు. మంచి చేస్తుందనుకున్న ఎక్కువ గాలే ఊపిరితిత్తులను చింపింది. గుజిరీ సెన్సరు 300 మిల్లీలీటర్లని చూపుతుంటే నిజానికి 500 పోతే ఏమవుతుందో మీరే ఆలోచించండి. పైగా రోగి ఊపిరిలో తేమ ఉంటుంది, ఆక్సిజను ఎక్కువగా ఉంటుంది. వేడిగా ఉండే తీగకు రెండూ పడవు. కాబట్టి ఊపిరి కొలిచే సరదా ప్రయోగం ఆరోగ్యవంతులతో, బడి బల్ల మీదే ఉండాలి. ఊపిరి క్యాను వైపు నుంచి లెక్క కట్టుకోవచ్చు, హచిన్‌సన్ లాగా. రోగి దగ్గరికి మాత్రం తీసుకుపోకండి. గోబరు గ్యాసు గొట్టంలో కూడా పెట్టకండి. అది మండే వాయువు. ప్రమాదం సంగతి అటుంచి, మీథేను వేడిని తీసుకుపోయే తీరు గాలిది కాదు గనుక అంకె కూడా తప్పే వస్తుంది.

మన పల్లెల్లో దీనికి తగిన చోట్లు వేరే ఉన్నాయి. సిరుగుప్ప తాలూకా అంటే వరి. వడ్లు నిలవ చేయాలంటే తేమ 14 శాతానికి దించాలి. ఆరబెట్టే ఫ్యాను గింజల గుట్టలోంచి నిజంగా ఎంత గాలి తోస్తున్నదో చూసేవాళ్ళు తక్కువ. ఫ్యాను రేకు మీద రాసిన అంకె ఖాళీ గదిలోది. గుట్ట ఎత్తు పెరిగితే గాలి సగానికి పడవచ్చు, ఫ్యాను చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది. విత్తనాల డబ్బాకు, చిన్న ఆరబెట్టు పెట్టెకు ముందర ఇలాంటి సెన్సరు పెట్టి చూస్తే ఆ తేడా కళ్ళకు కడుతుంది. అయితే ధూళిలో కాదు. ఫ్యాను గాలి పీల్చుకునే శుభ్రమైన వైపున, సన్నని జాలీ వెనుక పెట్టాలి. కారు తన తీగను తానే కాల్చుకుని శుభ్రం చేసుకునేది. మన దగ్గర ఆ ఏర్పాటు ఉండదు.

మన దేశంలో గాలిని కొలిచినవారిలో ఒకరి పేరు చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తి కాదు. అన్నా మణి. తిరువాన్కూరు కొండల్లోని పీర్మేడులో 1918లో పుట్టి, బెంగుళూరులో రామన్ దగ్గర పరిశోధన చేసి, 1948లో పుణెలో వాతావరణ శాఖలో చేరారు. అప్పటిదాకా విదేశాల నుంచి తెప్పించుకున్న పరికరాలను సుమారు వంద రకాల వరకు ఇక్కడే తయారయ్యేలా నమూనాలు గీయించారు. పదవీ విరమణ తర్వాత బెంగుళూరు కేంద్రంగా దేశమంతా గాలివేగం కొలిపించి, 1983లో ఆ అంకెలను పుస్తకంగా తెచ్చారు. తరువాతి కాలంలో గాలిమరలు ఎక్కడ పెట్టాలన్న అన్వేషణకు అటువంటి కొలతలే పునాది. తప్పు కొలత కన్నా కొలత లేకపోవడమే నయం అన్నది ఆమె పట్టుదల. పరికరం ఇక్కడ తయారైతే చాలదు, అన్ని పరికరాలూ ఒకే మాట చెప్పాలని ఒక్కొక్కదాన్నీ పోల్చి సరిచూసేవారు. 2001లో ఆమె మరణించారు.

ఇక చివరగా ఒక చిన్న పని చెప్పి సెలవు తీసుకుంటాను. క్యానుతో కొలిచి గీసిన ఆ వంపు గీత ఉన్న కాగితాన్ని సెన్సరుతో పాటు ఒకే డబ్బాలో ఉంచండి. కాగితం మీద తేదీ, గొట్టం వ్యాసం, ఆనాటి గది వేడి రాయండి. గొట్టం మార్చిన రోజున కాగితం కూడా కొత్తది. ఏడాదికి ఒకసారి, గొట్టం మార్చకపోయినా, క్యాను దించి మూడు చుక్కలు మళ్ళీ సరిచూడండి. అవి పాత గీత మీద పడకపోతే, ముందు సెన్సరు మీద దుమ్ము చూడండి.